బోర్లించిన బకెట్

పాత స్వెటర్ చేతిముక్కను పక్షి తలకు తొడిగి, ముక్కు మాత్రం బయటికి వచ్చేలా సర్ది, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అన్నాడు గూళ్లాయన. నిజానికి అప్పటికి ఏమీ మొదలవలేదు. అయినా ముందే అలా అనడం ఆయన అలవాటు. పిల్లలకు సూది వేసే నర్సు చెప్పేదీ ఆ అబద్ధమే కదా.

బాతుకు రెండింతలుండే బూడిదరంగు పక్షి అది. ముక్కు కొక్కెంలా వంగి ఉంటుంది. కోపమొస్తే కడుపులోంచి కుళ్లు చేపనూనె ఉమ్ముతుంది. ఒక్క చుక్క పడితే చాలు, ఆ చొక్కా ఇక ఎన్ని ఉతుకులు ఉతికినా మనిషి ఒంటి మీదికి రాదు. దీవిలో ఆ నూనె తగలని మనిషి లేడు. కానీ ఈ ఒక్క పక్షి మాత్రం ఆయన మీద ఏనాడూ ఉమ్మలేదు. ఆయన గొప్పంతా అదే.

లావుపాటి వేళ్లతో రెక్కలు రెండూ ఒంటికి అదిమి పక్షిని కాస్త పైకెత్తాడు. డాక్టరమ్మ వంగి, అసలు గుడ్డు పక్కన ఇంకో గుడ్డు పెట్టింది. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు, పక్షుల చదువు చదివిన డాక్టరు. ఆ రెండో గుడ్డు ప్లాస్టిక్‌ది. లోపల చిన్న మైకు ఉంది. పక్షి దాని మీద కూర్చుంటే గుండె చప్పుడు దూరాన ఉన్న పెట్టెలో వినపడుతుందట.

"దొంగ గుడ్డన్నమాట," అన్నాడాయన.

"దొంగల్ని పట్టించే గుడ్డు బాబాయ్," అని నవ్వింది డాక్టరమ్మ.

ముసుగు తీసి ఇద్దరూ వెనక్కి జరిగారు. పక్షి రెండు గుడ్లనూ కడుపు కిందికి లాక్కుని, ఏమీ ఎరగనట్టు సర్దుకుంది.

ఆ ముసుగులు కుట్టేది ఆయన భార్య. చిరిగిన స్వెటర్ల చేతులు కత్తిరించి, అంచులు మడిచి, ముక్కు పట్టేంత కంత వదిలి కుడుతుంది. "నీ పక్షులకు సారె" అని మూట చేతిలో పెడుతుంది. పొదిగే కాలమంతా ఆయన దీవిలో ఉంటాడు. గూళ్లు చూడటం, పక్షుల్ని పట్టడం, పక్షుల మీద పరిశోధన చేసే స్టేషన్లో వంట, అన్నీ ఆయనే. ఇంటి సంగతి ఆవిడది.

ఈసారి ఇంటి సంగతిలో ఒక గడ్డ వచ్చి పడింది. ఆవిడ కడుపులో. రేపు పొద్దున్నే ఆపరేషన్. "చిన్నదేనయ్యా, నువ్వు రానక్కర్లేదు. నీ గుడ్డు పగిలే టైము కదా" అని మొన్న ఫోన్లో చెప్పింది. ఆయన నమ్మాడు. నమ్మకపోవడానికి ఏముంది? తన తండ్రి పోయిన రోజు కూడా వచ్చిన వాళ్లందరికీ వండి వడ్డించిన మనిషి. అందుకే ఈ సాయంత్రం సరుకులు దింపడానికి వచ్చే పడవలో తాను ఎక్కనని, పడవ నడిపే సరంగుకు నిన్ననే కబురు పెట్టాడు. అది పోతే మళ్లీ పడవ వచ్చేది వారానికి.

మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని గూటి వైపు నడిచాడు. గూటికి మూరెడు దూరంలో బోర్లించిన పాత రేకు బకెట్, ఒకప్పుడు గోడల రంగు కలిపినది, ఒకటి ఉంటుంది. ఆయన సింహాసనం అదే. ఏళ్లుగా రోజూ దాని మీద కూర్చుని, టీ తాగుతూ, ఆ పక్షితో ఊళ్లో కబుర్లన్నీ చెబుతాడు. అది రెప్ప వాల్చకుండా వింటుంది. కదలదు, మెదలదు.

"చూడండమ్మా," అన్నాడు వెనకాలే పెట్టె పట్టుకొచ్చిన డాక్టరమ్మతో. "మీరొస్తే దాని గుండె డప్పు కొడుతుంది. నన్ను చూస్తే జోలపాటే. పందెమా?"

"వద్దు బాబాయ్," అందావిడ. ఎందుకు వద్దందో ఆయనకు అర్థం కాలేదు.

ఒక బండరాయి దగ్గర ఆగి పెట్టె మీట తిప్పింది. టక్... టక్... టక్... నిదానంగా, పెద్దమనిషి మెట్లు దిగుతున్నట్టు. ఆయన మొహం వెలిగిపోయింది. బకెట్ వైపు నాలుగు అడుగులు వేశాడు. టక్, టక్, టక్. కూర్చున్నాడు. టకటకటకటక.

పెట్టె వైపు చూశాడు. పక్షి వైపు చూశాడు. అది రాయిలా ఉంది. ఈక కూడా కదల్లేదు.

"పెట్టె పాడైందేమో," అన్నాడు.

"లేదు బాబాయ్."

"మరి ఇది తొణకట్లేదే. నిండు కుండ..."

"తొణకదు. లోపల మరుగుతుంటుంది." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "గుడ్డుంది కదా, ఎగిరిపోలేదు. అందుకని బిగబట్టుకుని కూర్చుంటుంది. భయమేసినప్పుడు ఒంట్లో ఒక రసం ఊరుతుంది. అప్పుడప్పుడూ ఊరితే ప్రాణం కాపాడేది అదే. రోజూ ఊరితే ఉన్న కొవ్వునీ కండనీ తినేస్తుంది. దీని జోడీ ఇంకా సముద్రం మీంచి రాలేదు, తిండి లేదు. ఇక భరించలేననిపించిన రోజు, గుడ్డు వదిలేసి వెళ్లిపోతుంది."

"ఇన్నేళ్లూ?"

డాక్టరమ్మ పెట్టె కట్టేసింది. ఆయన లేచాడు. టీ సగం గ్లాసులోనే ఉండిపోయింది.

స్టేషన్లో సిగ్నల్ దొరికేది వంటగది కిటికీలోనే, అదీ తల బయటికి పెడితే.

"ఏంటీ, ఈ వేళప్పుడు? పక్షులన్నీ విడాకులిచ్చాయా?" అంది భార్య.

"ఏం చేస్తున్నావ్?"

"ఏముంది, పాలగిన్నె మాడింది. తోముతున్నా."

కర్ర్, కర్ర్ మని పీచు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"రేపటికి భయంగా ఉందా?"

"భయమెందుకూ! దుక్కలా ఉన్నా. పన్ను పీకించుకొచ్చినట్టు వచ్చేస్తా."

కర్ర్, కర్ర్, కర్ర్.

"మొన్న ఫోన్ చేసినప్పుడూ పాలగిన్నే తోముతున్నానన్నావ్."

చప్పుడు ఆగింది. కుళాయి లోంచి నీళ్లు ధారగా పడుతున్న శబ్దం, దాని వెనక ఆవిడ ఊపిరి.

"పడవ ఎక్కుతున్నా," అన్నాడు. "పొద్దున్నకల్లా ఆసుపత్రిలో ఉంటా."

"ఎందుకూ, నీ గుడ్డు..."

"గుడ్డుకు దాని తల్లి ఉంది."

ఆవిడ కుళాయి కట్టేసింది.

"వచ్చేటప్పుడు మాసిన బట్టలన్నీ మూటగట్టుకు రా. అక్కడే కుళ్లబెట్టకు," అంది. పీచు చప్పుడు మళ్లీ వినిపించలేదు.

సంచీ భుజాన వేసుకుని, పడవ దగ్గరికి పోయే ముందు ఒకసారి గూటి వైపు వెళ్లాడు. దూరం నుంచే వంగి, చెయ్యి చాచి బకెట్ తీసుకున్నాడు. డాక్టరమ్మ పెట్టె పట్టుకుని ఆయన వెంటే నడిచింది.

"చెప్పండమ్మా, ఎక్కడి దాకా?"

"ఇంకా వెనక్కి బాబాయ్. ఒకసారి బెదిరింది కదా, ఇందాకటి దూరం చాలదు."

టకటకటక.

"ఇక్కడ?"

"ఇంకొంచెం."

బండరాయి దాటాడు. వాలు దిగాడు. గూడు కనపడటం మానేసింది. అప్పుడు పెట్టెలో మెట్లు దిగే పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. టక్... టక్... టక్.

ఆయన అక్కడ ఆగిపోయాడు. రాళ్లు పక్కకు నెట్టి, నేల చదును చేసి, బకెట్‌ను బోర్లించి పెట్టాడు. ఊగకుండా అంచు కింద ఒక చిన్న రాయి దోపాడు.

"మనిషన్నవాడు ఇంతకంటే దగ్గరికి రాకూడదని అందరికీ చెప్పండి. పనుంటేనే వెళ్లాలి. కబుర్లకు కాదు."

"మళ్లీ వస్తారుగా బాబాయ్?"

కింద సరంగు హారన్ కొట్టాడు. "ఇంట్లో ఆవిణ్ణి బట్టి," అన్నాడాయన. జేబులో ఉన్న స్వెటర్ ముసుగు తీసి డాక్టరమ్మకు ఇవ్వబోయి, మళ్లీ జేబులోనే పెట్టుకుని వాలు దిగిపోయాడు.

పడవ చప్పుడు కూడా పోయాక, సముద్రం మీంచి గాలి లేచింది. వాలులో బోర్లించిన బకెట్ పిడి ఆ గాలికి కదిలి, ఆగి ఆగి, నిదానంగా రేకుకు తగులుతోంది. టక్... టక్... టక్...