కదలని తల్లి బొమ్మ

ఎల్లేష్‌ది తూంకుంట. ఇంటర్ తప్పి, దుకాణాలకు బోర్డులు రాస్తూ తిరుగుతున్న అతన్ని 2000లో అల్వాల్‌లోని ఒక కార్టూన్ స్టూడియో పనిలోకి తీసుకుంది. అమెరికా సినిమాలకు బొమ్మలు గీసే పని. పెద్ద ఆర్టిస్టు ఒక కదలికకు మొదటి బొమ్మా చివరి బొమ్మా వేసి ఇస్తాడు. మధ్యలో వచ్చే బొమ్మలన్నీ ఎల్లేష్‌లాంటి వాళ్లు నింపాలి. కింద దీపం వెలిగే గాజుబల్ల మీద కాగితంపై కాగితం పెట్టి, వెంట్రుకవాసి తేడాతో గీస్తూ పోవాలి.

అతనికి ఆ పని నేర్పింది తేజస్వి. అతనికంటే రెండేళ్లు పెద్దది, యాప్రాల్ నుంచి లూనా మీద వచ్చేది. గెంతే కుందేలు నేలను తాకినప్పుడు ఎంత నలగాలో, పైకి లేచినప్పుడు ఎంత సాగాలో ఆమె చేతికి తెలుసు.

"గీ అమెరికోళ్ల బొమ్మ రబ్బరు లెక్క, తమ్మీ. నవ్విందంటే నోరొక్కటే నవ్వదు. చెవులు, తోక, కడుపు అన్నీ నవ్వాలె. ఎక్కడన్న ఆగిందనుకో, సచ్చినట్టే" అనేది.

ఎల్లేష్ మనసు మాత్రం టీవీలో వచ్చే జపాన్ కార్టూన్ల మీద ఉండేది. వాటిలో మనిషి చాలాసేపు కదలడు. పెద్ద కళ్లు, వాటిలో వెలుగు చుక్క. గాలికి ఒక జుట్టుపాయ ఊగుతుంది, వెనక ఆకాశం మెల్లగా జరుగుతుంది. అంతే. అయినా లోపల ఏదో నలుగుతోందని చూసేవాడికి తెలిసిపోతుంది.

"పని ఎగ్గొట్టుడు గది. మూడు బొమ్మలేసి ముప్పై బొమ్మల పని దాటేస్తరు" అని తేజస్వి కొట్టిపారేసేది. టిఫిన్ డబ్బాల ముందు ఇద్దరికీ రోజూ ఇదే గొడవ.

2003లో ఒక జపాన్ కంపెనీ పరీక్షగా ఒక సన్నివేశం పంపింది. భర్త చనిపోయాడన్న కబురు వినే ఒక ఆడమనిషి. సూపర్‌వైజర్ యజ్ఞనారాయణ దాన్ని ఇద్దరినీ విడివిడిగా చేయమన్నాడు.

తేజస్వి గీసిన మనిషి ఉలిక్కిపడింది. భుజాలు వణికాయి, చేతులు గాలిలో దేనికోసమో వెతికాయి, మోకాళ్లు మడతపడి కూలిపోయింది. తొంభై బొమ్మలు. చూసినవాళ్లు మళ్లీ ఒకసారి చూపించమన్నారు.

ఎల్లేష్ తన తల్లి సాలమ్మను గీశాడు. కరీంనగర్ రోడ్డు మీద గొర్రెలతో పాటు నాయిన కుర్మయ్యను లారీ గుద్దిందని కబురొచ్చినప్పుడు ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. ఏడవలేదు. ఏరిన రాయి వేళ్ల మధ్యే ఉండిపోయింది. కొంగు మాత్రం గాలికి కదిలింది. ఆ కొంగుకు ఐదు బొమ్మలు, కనురెప్పకు మూడు వేసి ఇచ్చాడు.

జపాన్ వాళ్లు ఎల్లేష్ బొమ్మనే ఒప్పుకున్నారు.

మరుసటి వారం యజ్ఞనారాయణ అతన్ని గదిలోకి పిలిచాడు. "అమెరికా పని బందయితాంది. ఇగ మనకు జపాన్ పనే దిక్కు. నీ పద్ధతిల అయితే నలభై మంది అక్కర్లేదు, పన్నెండు మంది చాలు. వాళ్ల మీద నువ్వే ఉంటవ్. ఎవరిని ఉంచాల్నో రాసియ్యి."

ఎల్లేష్ ఆ రోజంతా రాశాడు, కొట్టేశాడు. పదకొండు పేర్లు తేలికగానే పడ్డాయి. పన్నెండో పేరు దగ్గర పెన్సిలు ఆగింది. తేజస్వికి బొమ్మను ఆపడం చేతకాదని తనకు తాను చెప్పుకున్నాడు. వేరే పేరు రాశాడు.

శనివారం పేర్లు గోడకు అంటించారు. తేజస్వి రెండుసార్లు చదివింది. బల్ల సొరుగులోంచి పెన్సిళ్లు తీసుకుని సంచిలో వేసుకుంది.

"నేను సార్‌తోని మాట్లాడుత, అక్కా" అన్నాడు ఎల్లేష్.

"మాట్లాడు" అని ఆమె లూనా ఎక్కి వెళ్లిపోయింది. అతను మాట్లాడలేదు.

జపాన్ పని నాలుగేళ్లు నడిచింది. తర్వాత అంతా కంప్యూటర్ల మీదికి పోయింది. స్టూడియో మూసేశారు, గాజుబల్లలు పాత సామాన్ల వాడు పట్టుకుపోయాడు. తేజస్వి మేడ్చల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ చెబుతోందని తెలిసి, ఎల్లేష్ ఒకరోజు వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె కాస్త లావైంది. వేళ్లకు సుద్దపొడి ఉంది.

"మాది గూడ బందయ్యింది అక్కా. గా లిస్టు..."

"నువ్వే రాసినవని నాకు గా దినమే తెలుసు" అంది తేజస్వి. "ఒక్కటి చెప్పు. గా జపాన్ పని నాకు రాదని తీసేసినవా? వస్తదని తీసేసినవా?"

దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన జవాబు వేరే ఉంది. అది నోట్లోంచి రాలేదు.

"వస్తదనే" అన్నాడు. "నెల రోజుల్ల నేర్చుకుందువు. నన్ను దాటిపోదువు."

తేజస్వి అతన్ని చాలాసేపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు.

"ఇగ నన్ను అక్కా అనకు" అని, గంట కొట్టడంతో పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది.