వడ్రంగి తరఫు జవాబులు

మా డాక్టరు మంచివాడే, కానీ చెవులు వినపడనివాళ్ళు వస్తే చాలు, గొంతు చించుకుంటాడు. ఆ రోజు వడ్రంగితోనూ అదే వరస. రంపం మిషన్ దగ్గర పాతికేళ్ళు పనిచేసి, ఆ మోతకి ఆయన రెండు చెవుల వినికిడీ పోగొట్టుకున్నాడు. మాస్కు తియ్యకుండా, కంప్యూటరు వైపు తిరిగి డాక్టరు "మోషన్ ఫ్రీగా అవుతోందా?" అని అరిస్తే బయట వరసలో కూర్చున్నవాళ్ళందరికీ వినపడింది, ఆయనకు తప్ప.

జవాబులన్నీ భార్యే చెప్పింది. "గుండెలో నొప్పా? లేదండీ, ఉత్త గ్యాసు. నిద్ర బాగానే పడుతుంది." ఆవిడ తల ఎటు ఊపితే ఆయనా అటే ఊపాడు. డాక్టరు గ్యాసు మాత్రలు రాసిచ్చాడు. అవి తేవడానికి ఆవిడ మందుల కౌంటరుకి వెళ్ళింది.

నర్సుగా పక్కనే ఉన్న నేను బీపీ పట్టీ సర్దుతుంటే, ఆయన ఎడమచెయ్యి మోచేతి నుంచి భుజం దాకా నలుపుకోవడం కనపడింది. నాకు ఒళ్ళు మండింది.

"సార్, ఇంతసేపూ ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు," అన్నాను.

డాక్టరు కొరకొరా చూశాడు గానీ నా మాట తీసెయ్యలేదు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మొహం చీకట్లో పడుతుందని నేనే డాక్టరు కుర్చీ తిప్పించాను. మాస్కు తీశాడు. పెదాలు కనపడేలా, మామూలు గొంతుతో ఒక్కో ప్రశ్నే అడిగాడు. అందనిది కాగితం మీద రాశాడు. జవాబు వచ్చేదాకా ఆగాడు. మా డాక్టరుకి అన్నిటికంటే కష్టమైన పని అదే.

"మెట్లెక్కితే ఇక్కడ పట్టేస్తుందండీ," అన్నాడు వడ్రంగి, రొమ్ము మీద చెయ్యి పెట్టి. "చెయ్యంతా లాగుతుంది, చెమటలు పడతాయి. నెల దాటింది."

వెంటనే ఈసీజీ తీశాం. అది చూసి డాక్టరు మళ్ళీ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. 'గుండెకి రక్తం సరిగ్గా అందట్లేదు, ఇవాళే ఆసుపత్రిలో చేరాలి' అని రాసి చూపించాడు. ఏం అర్థమైందో తిరిగి చెప్పమంటే ఆయన పొల్లుపోకుండా చెప్పాడు.

మాత్రలతో వచ్చిన భార్య, ఒంటికి తగిలించిన తీగలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైంది సార్?"

"ఆయన్నే అడగమ్మా," అన్నాడు డాక్టరు.

ఆవిడ మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. "నొప్పని ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"ఇక్కడ చెబుదామనే వచ్చాను," అన్నాడాయన. "నువ్వు తల అడ్డంగా ఊపుతుంటే, ఇది చెప్పేంత నొప్పి కాదేమో అనుకున్నా."

ఆవిడ మాత్రలు బల్ల మీద పడేసి, స్టూలు ఆయన ముందుకి లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు," అంది.