జెకర్యా మాస్టారి ట్రాంబోన్

నేను ఒక ట్రాంబోన్‌ని. పేరుకు నోరు తిరగకపోతే 'ఆ పొడుగు బాకా' అనండి, ఏమీ అనుకోను. సికింద్రాబాదులో సగం మంది అలాగే అంటారు. మీరట్‌లో ఒక ఇరుకు సందులో ఇత్తడి రేకును కొట్టి కొట్టి నన్ను తయారుచేశారు. నాకు మీటలు లేవు, రంధ్రాలు లేవు. ముందుకీ వెనక్కీ జారే గొట్టం ఒక్కటే ఉంది. స్వరం ఎక్కడుందో వాయించేవాడి చెయ్యే వెతుక్కోవాలి. అందుకే నన్ను ముట్టుకున్నవాళ్లలో నూటికి తొంభైమంది మళ్లీ నా జోలికి రాలేదు.

వచ్చి నిలిచినవాడు జెకర్యా. పెళ్లి ఊరేగింపుల్లో నన్ను ఊదుతుండేవాడు. ఒక క్లబ్బులో జాజ్ బ్యాండుకు మనిషి కావాలని విని, ఒక డిసెంబరు పొద్దున పరీక్షకు బయలుదేరాడు. ముచ్చటపడి నా గొట్టానికి కొబ్బరినూనె పట్టించాడు మహానుభావుడు! చలికి నూనె పేరుకుని, అక్కడికి వెళ్లేసరికి గొట్టం బిగుసుకుపోయింది. బ్యాండు నాయకుడు పగలబడి నవ్వాడు. జెకర్యా నన్ను ఒళ్లో పెట్టుకుని, నేను పలకాల్సిన పాటంతా తన గొంతుతో పలికాడు. నవ్వినవాడే మా ఇద్దరికీ చోటిచ్చాడు.

ఆపైన ఇరవై ఆరేళ్లు! కాసేపు ఊదేవాడు, కాసేపు పాడేవాడు. నాట్యం చేయడానికి వచ్చిన జంటలు కాళ్లు ఆపి వినేవి. మెప్పంతా ఆయనకు, ఉమ్మంతా నాకు. అయినా గర్వపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. ఆయన సొంతంగా కట్టిన పాట ఒకటి ఉండేది. దాన్ని కాగితం మీద పెట్టలేదు. పెళ్లి బ్యాండువాళ్లు రాసుకోరు, చెవీ చెయ్యీ గుర్తుపెట్టుకుంటాయి.

క్లబ్బులో బ్యాండు ఆగిపోయాక ఒక మిషన్ స్కూల్లో సంగీతం మాస్టారయ్యాడు. పిల్లలు ముందు తమ నోటితో పాడి వినిపించనిదే ఎవరినీ నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇంతలో ఆయన ముందుపళ్లు ఊడాయి. పళ్ల ఆసరా లేని పెదవి నన్ను పలికించలేకపోయింది. పిల్లల్లోనూ ఎవరూ నా దగ్గర నిలవలేదు, మూడేళ్లు బీరువాలో ఉన్నాను. తన పాట ఎవరికీ అందకుండానే పోతుందని ఆయనకు దిగులు. నాకూ అదే దిగులు.

అప్పుడు కెజియా వచ్చింది. అయిదో తరగతి, పిడికెడు మనిషి, ఊపిరి మాత్రం రైలింజనుది. వారంలో పాటంతా పాడేసింది. నన్ను ఎత్తుకుని ఊదితే నా గుండె నిండిపోయింది. కానీ పాటలో అన్నిటికన్నా దిగువ స్వరానికి గొట్టాన్ని చివరిదాకా చాచాలి.

"సార్, చెయ్యి అందుతలేదు," అని ఏడ్చింది. వార్షికోత్సవం ఎల్లుండే.

"నువ్వు ఊదు బిడ్డా. చెయ్యి నేనిస్త," అన్నాడు.

ఆ రోజు వేదిక మీద కెజియా కుర్చీలో కూర్చుని నన్ను భుజాన పెట్టుకుంది. మాస్టారు ఎదురుగా చిన్న స్టూలు మీద కూర్చుని నా గొట్టం పట్టుకున్నాడు. చూసి జనం నవ్వారు. పల్లవి పూర్తికాకముందే ఆ నవ్వు ఆగిపోయింది. ఊపిరి ఒకరిది, చెయ్యి ఒకరిది. ఒక్క స్వరమైనా తప్పలేదు. మూడేళ్ల తర్వాత తన పాట నాలోంచి విని, ముసలాయన కళ్లు తుడుచుకోవడానికైనా చెయ్యి తీయలేదు.

చప్పట్లు ఆగాక హెడ్‌మిస్ట్రెస్ మైకు దగ్గరకు వచ్చి, "ఎవరు వాయించిన్రని చెప్పాలె మాస్టారూ?" అని అడిగింది.

"పిల్ల పేరు చెప్పుండ్రి మేడం. ఇంక రెండేండ్లల్ల దాని చెయ్యి పెరుగుతది. అందాక నాదున్నది."