మంచుకోట క్యాసెట్టు రెండో వైపు

"క్యాసెట్టు మార్చాను అని రాశావు. పాతది ఏదయ్యా?"

కొట్టులోకి వస్తూనే పెద్దాయన అడిగిన మొదటి మాట అది. మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతోంది. చొక్కా జేబుకి దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి. కుట్టు మిషను మీంచి లేచి అలాగే వచ్చేశాడని చూడగానే తెలుస్తోంది.

భూతద్దం తల ఎత్తాడు. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దాన్ని బ్యాంకు వాళ్లు తప్ప ఎవరూ వాడరు. పాత బల్ల ఆటలకి విలువ కట్టడం అతని పని. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు వీరులో దొంగలో మంత్రగాళ్లో అయిపోయి, పాచికలు వేస్తూ ఆ కథలో బతుకుతారు. అలాంటి ఆటలు. అచ్చు ఆగిపోయి, కంపెనీలు మూతపడి, ఎక్కడో అటకల మీద మిగిలిపోయిన పెట్టెల కోసం పిచ్చెక్కి తిరిగేవాళ్లు ఉన్నారు. పెట్టె అసలుదా కాదా, పటం మడతల దగ్గర చిరిగిందా, పుస్తకం పిన్నులు తుప్పు పట్టాయా, పాచికలు లెక్కకి సరిపోయాయా, ఇవన్నీ అద్దం పెట్టి చూసి చెప్పేది భూతద్దమే.

పెద్దాయన వేలు అద్దాల బీరువా మీద ఉంది. లోపల 'మంచుకోట' ఆట పెట్టె, కథకి తోడుగా వినిపించే క్యాసెట్టుతో సహా. ముందు ఒక చిన్న అట్ట: 'అన్నీ ఉన్నాయి. క్యాసెట్టు మార్చబడింది.'

"అది పాడైపోయిందండీ," అన్నాడు భూతద్దం. "ఇంకో చిరిగిన పెట్టెలోంచి మంచి క్యాసెట్టు తీసి పెట్టాను. మా పనిలో అది మామూలే. దాచలేదుగా, రాశానుగా."

"పాడైపోయిందని ఎవడు చెప్పాడు నీకు? విన్నావా?"

"వినం. క్యాసెట్టు వాయిస్తే టేపు అరుగుతుంది, విలువ పడిపోతుంది. పైపైన చూసే చెబుతాం. అంచున రెండు చిన్న రెక్కలుంటాయి చూశారా? కంపెనీవాళ్లు వాటిని విరిచేసి పంపిస్తారు, దాని మీద ఇంకెవరూ రికార్డు చేయకుండా. రెండో వైపు రెక్క ఉండాల్సిన బొక్కకి ఎవరో ప్లాస్టరు అంటించారు. బొక్క మూస్తే మళ్లీ రికార్డవుతుంది, అంటే పైన ఏదో రికార్డు చేశారన్నమాటే. ఏ పిల్లాడో సినిమా పాటలు..."

"పిల్లాడు కాదురా నాయనా," అన్నాడు టైలరు. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. "వాళ్ల నాన్న."

వాళ్ల నాన్న అంటే ఎవరో భూతద్దం అడగక్కర్లేకపోయింది. డ్రైవింగ్ స్కూలు కారు బయట పెట్టి, తాళం చెవి వేలికి తిప్పుకుంటూ ఆ అమ్మాయి అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. పోయిన నెల తండ్రి పోతే, ఆయన దాచుకున్న పెట్టెలన్నీ తెచ్చి భూతద్దానికి అప్పగించింది తనే. జనానికి కారు నడపడం నేర్పుతుంది. గొంతు ఖంగుమంటుంది.

"బాబాయ్, కుట్టు సగంలో వదిలేసి కారెక్కావు, దారంతా నోరు విప్పలేదు. ఇప్పుడు ఈయన మీద అరుస్తున్నావు. ఏమైంది?"

టైలరు ఆమె మొహంలోకి చూడలేదు. భూతద్దంతోనే చెప్పాడు, చెప్పింది ఆమె కోసమే అయినా.

"మా ఆట నడిపింది వీళ్ల నాన్నే. నలుగురం ఉండేవాళ్లం. మంచుకోట చివరి గుమ్మం దాకా వచ్చాం. అప్పుడే వాడికి గొంతులో ఆ మాయదారి రోగం. గొంతు తీసేయాలన్నారు. ఆపరేషన్‌కి ముందు వాడొక్కడే గదిలో కూర్చుని, ఆటలో మిగిలిన భాగమంతా చెప్పి ఆ క్యాసెట్టు రెండో వైపు రికార్డు చేశాడు. రేపు నాకు నోరు రాకపోయినా మీరు ఆట పూర్తి చేసుకోండిరా అన్నాడు. అదే వాడు నాతో అన్న ఆఖరి మాట."

అమ్మాయి వేలి చుట్టూ తిరుగుతున్న తాళం చెవి ఆగిపోయింది.

ఆపరేషన్ నాటికి ఆమెకి నడకే సరిగా రాలేదు. ఆమె ఎరిగిన నాన్నకి గొంతు లేదు. పలక మీద రాసేవాడు. చేతులతో చెప్పేవాడు. ఆమెని పిలవాలంటే రెండు చప్పట్లు, కోపం వస్తే బల్ల మీద ఒకటే దెబ్బ. ఇంట్లో ఫొటోలకి కొదవ లేదు. గొంతు మాత్రం ఎవరూ దాచలేదు. ఆ రోజుల్లో ఎవరికి తడుతుంది?

"నాన్న గొంతా?" అంది. "నాన్న గొంతు ఉందా? ఇన్నేళ్లూ మా ఇంట్లోనే ఉందా?"

"ఉంది."

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"ఆపరేషన్ అయ్యాక ఒక్కసారి పెట్టాం తల్లీ. రెండు ముక్కలు విన్నాడు, లేచి వెళ్లిపోయాడు. తర్వాత పలక మీద రాశాడు, దీని మాట ఇంట్లో ఎత్తితే నీకూ నాకూ చెల్లు అని. వాడు బతికుండగా ఎలా ఎత్తను? పెట్టె ఎక్కడికి పోతుందిలే, నిదానంగా చెబుదాం అనుకున్నా. నువ్వు ఇల్లు ఖాళీ చేస్తూ అన్నీ ఇచ్చేశానని ఇందాకే మాటల్లో అన్నావు."

అమ్మాయి భూతద్దం వైపు తిరిగింది. "సార్, పాతది ఇచ్చేయండి. ఆ పెట్టె మీరే ఉంచేసుకోండి. అన్ని పెట్టెలూ ఉంచేసుకోండి. అదొక్కటి ఇవ్వండి చాలు."

భూతద్దం బల్ల కింద ఖాళీ చోటు వైపు చూశాడు.

"నా దగ్గర లేదమ్మా."

పాడైన క్యాసెట్లన్నీ అతను ఒక అట్టపెట్టెలో పడేస్తాడు. పెట్టె నిండగానే ఒక పాటలమ్మాయి వచ్చి పట్టుకుపోతుంది. ఆమెకో చిన్న బ్యాండు ఉంది. పాత క్యాసెట్ల మీద తమ పాటలు రికార్డు చేసి, కచేరీల దగ్గర అమ్ముకుంటారు. ఆ పెట్టె పట్టుకుపోయింది నిన్ననే.

భూతద్దం అప్పటికే ఫోను చెవికి ఆనించాడు. స్విచ్చాఫ్. మళ్లీ చేశాడు. మళ్లీ అదే. "రికార్డింగు పెట్టినప్పుడు ఫోను కట్టేస్తుంది," అని నసిగాడు.

ముగ్గురూ ఒక్కసారే తలుపు వైపు కదిలారు.

కారు నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు. అది చూసి ముందు బండ్లన్నీ జాలిపడి దారి ఇస్తాయనుకున్నాడు భూతద్దం. ఎవడూ ఇవ్వలేదు. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

"నేర్చుకునే బండి కనబడట్లేదూ!" అని కిటికీలోంచి అరిచింది అమ్మాయి.

"నేర్చుకునేవాళ్లు ఇలా తోలతారా తల్లీ?" అన్నాడు లారీవాడు.

మలుపులో భూతద్దం కాళ్లు రెండూ బిగబట్టాడు. కారు కెవ్వుమని ఆగిపోయింది. అతను కూర్చున్నది నేర్పేవాళ్ల సీటు, అక్కడ ఇంకో బ్రేకు ఉంటుంది.

"సార్! కాళ్లు పైకి పెట్టుకోండి! మీ పుణ్యమా అని ఇప్పటికే ఆలస్యం!"

వెనకనుంచి టైలరు, "పాచికలాట కాదయ్యా, కుదురుగా కూర్చో," అని గసిరాడు. భూతద్దం మోకాళ్లు ఛాతీకి ఆనించుకుని, చిన్నపిల్లాడిలా ముడుచుకు కూర్చున్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

రైలు గేటు పడింది. గూడ్సు బండి. పెట్టె వెనక పెట్టె, ఎంతకీ తరగదు. అమ్మాయి స్టీరింగు మీద నుదురు ఆనించింది.

"బాబాయ్, ఆ క్యాసెట్టులో నాన్న ఏం చెబుతాడు?"

"కథ చెబుతాడమ్మా. రాజు గొంతు, భటుడి గొంతు, తోడేలు గొంతు, అన్నీ వాడే. మధ్యమధ్య తన మామూలు గొంతుతో, ఇప్పుడు మీరేం చేస్తారు అని అడుగుతాడు. అడిగి ఆగుతాడు, మేం చెప్పుకోడానికి. వాడు అలా అడిగితే భలే ఉండేదిలే."

"ఇప్పుడు మీరేం చేస్తారు," అని ఆమె పెదాలు కదిలించి చూసుకుంది. బహుశా ఆ మాటలు ఏ గొంతులో అతుకుతాయో ఊహించుకుంటోంది. గేటు లేచింది.

పాటలమ్మాయి రికార్డింగు గది సైకిళ్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో ఉంది. చప్పుడు రాకుండా గోడలకి గుడ్ల అట్టలు అంటించారు. తలుపు బాదితే పలకలేదు. కిటికీ బాదితే హెడ్‌ఫోన్లు తీసి, తెల్లబోయి వచ్చి తెరిచింది. లోపల రెండు యంత్రాల్లో క్యాసెట్లు తిరుగుతూనే ఉన్నాయి.

"ఆపు! ముందు అవి ఆపు తల్లీ!" అన్నాడు భూతద్దం.

ఆపింది. బల్ల మీద రెండు గుట్టలున్నాయి. ఒకటి ఇంకా చేయనివి. రెండోది అయిపోయినవి. అయిపోయినవాటికి పాత కాగితాలు గీకేసి, కొత్త నీలం లేబుళ్లు అంటించారు. అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

భూతద్దం మొదట చేయనివాటి మీద పడ్డాడు. ఒక్కొక్కటీ తిప్పి అంచు చూశాడు. అమ్మాయి అతని భుజం మీంచి చూస్తోంది, ఆమె ఊపిరి అతని చెవికి తగులుతోంది. గుట్ట తరిగిపోతోంది. ఆఖరిది కూడా తిప్పి చూసి కింద పెట్టాడు.

"ఇందులో లేదు."

"యంత్రంలో ఉందేమో!" అంది అమ్మాయి.

యంత్రాల్లోవీ చూశాడు. అవీ కావు. ఇక మిగిలింది నీలం లేబుళ్ల గుట్ట. టైలరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

రికార్డు చేయాలంటే బొక్క మూయాలి కాబట్టి, పాటలమ్మాయి అన్నిటికీ ప్లాస్టరు ముక్కలు అంటించింది. అన్నీ కొత్తవి, తెల్లగా మెరుస్తున్నాయి. ఒక్కదానికి మాత్రం ఒక వైపు ముక్క పసుపెక్కి, అంచులు ఎండి, దుమ్ము పట్టి ఉంది. అది భూతద్దం చేతికి దొరికింది. అంత ఖచ్చితంగా కనిపెట్టినందుకు తనని తాను ఎప్పుడూ అంతగా తిట్టుకోలేదు.

"ఇదే."

"దాని రెండు వైపులా అయిపోయాయండీ," అంది పాటలమ్మాయి, మెల్లగా. గుట్ట వెతుకుతున్నప్పుడే టైలరు ఆమెకి సంగతంతా చెప్పేశాడు. "పొద్దున్నే చేశాను. నాకు తెలీదు. చేసేముందు విన్నాను కూడా, రెండో వైపు ఎవరో ముసలావిడ తిడుతోంది. ఏదో నాటకం అనుకున్నా."

"ముసలావిడా?" అన్నాడు టైలరు.

"పాట ఎంతసేపు?" అడిగాడు భూతద్దం.

"మా పాటలు టేపు కంటే కాస్త చిన్నవి. చివర్లో కొంచెం మిగులుతుంది. మిగిలినదాని మీద ఏమీ చేయను."

అమ్మాయి అప్పటికే క్యాసెట్టు లాక్కుని, రెండో వైపు తిప్పి యంత్రంలో పెట్టింది.

పాట వచ్చింది. గిటారు, డప్పు, పాటలమ్మాయి గొంతు. మంచి పాటే. దాన్ని అంత ద్వేషంగా ఎవరూ విని ఉండరు. ముందుకి తిప్పడానికి అమ్మాయి ఒప్పుకోలేదు. "ఏమో, మధ్యలో ఎక్కడైనా సందు ఉంటుందేమో," అంది. ఎక్కడా లేదు. పాటలమ్మాయి ఆ పాడినావిడ తను కానట్టు తల దించుకుని కూర్చుంది. ఆఖరి పాట ఆగింది. టక్కుమని చప్పుడు. తర్వాత బుస్సుమని పాత టేపు శబ్దం.

అందులోంచి ఒక ముసలమ్మ లేచింది.

"ఎవర్రా అది నా గుమ్మంలో? కాళ్లు దులుపుకోండి! మంచంతా నా కొంపలోకి మోసుకొస్తున్నారు, దొంగ వెధవల్లారా!" కీచు గొంతు, పళ్లు లేని నోటితో మాట్లాడినట్టు. "కోటలోకి పోతారా? పోండి పోండి. మీలో ఒకడు మాత్రం నా దగ్గర ఉండిపోవాలి. ఎవడో మీరే తేల్చుకోండి. నాకేం తొందర? మూడొందల ఏళ్లుగా ఇక్కడే పడి ఏడుస్తున్నా!"

తర్వాత కిచకిచమని నవ్వు. ఆ నవ్వు మధ్యలోనే టేపు అయిపోయింది. యంత్రం మీట టప్పున పైకి లేచింది.

అమ్మాయి నవ్వింది. నిజంగానే నవ్వు వచ్చింది ఆమెకి. కళ్లు తుడుచుకుంది.

"ఇది నాన్నా?"

"వాడే," అన్నాడు టైలరు. "కాపలా ముసలమ్మ వేషం. మమ్మల్ని నవ్వించి చంపేవాడు."

"మరి ఆయన గొంతేదీ? తనది?"

అమ్మాయి మీట నొక్కి, వెనక్కి తిప్పి మళ్లీ వింది. మళ్లీ ముసలమ్మే. చెవి స్పీకరుకి ఆనించి వింది. ఆ కీచుతనం కింద ఎక్కడో మామూలు మనిషి ఉంటాడని, ఏదో ఒక అక్షరం దగ్గర వేషం జారి బయటపడతాడని. ఆయన చాలా బాగా ఆడాడు. ఎక్కడా జారలేదు.

"అమ్మా," అన్నాడు భూతద్దం. ఏ పెట్టెకైనా ఏది తగ్గిందో చెప్పగలిగినవాడు జేబులోంచి అద్దం తీసి, మళ్లీ జేబులోనే పెట్టేసుకున్నాడు.

అమ్మాయి లేచి వెళ్లి టైలరు ఎదుట నిలబడింది.

"బాబాయ్, నువ్వు రోజూ విన్నావు కదా. నాన్న మామూలుగా ఎలా మాట్లాడేవాడు? ఒక్కసారి అని చూపించు. ఆ మాట అను. ఇప్పుడు మీరేం చేస్తారు."

"నేనా? నాకు రాదమ్మా..."

"వచ్చినట్టే అను."

టైలరు మెడలోని కొలత టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. "ఇప్పుడు మీరేం చేస్తారు," అన్నాడు, గొంతు లావు చేసి. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "కాదు, ఇంత బరువుండదు." మళ్లీ అన్నాడు, ఈసారి సన్నగా, చివర సాగదీసి. "ఇలా కాదు. సాగదీసేవాడు కాదు. చివర్లో కొంచెం... నవ్వుతున్నట్టు..." మళ్లీ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. కళ్లు తెరిచి బిక్కమొహంతో ఆమె వంక చూశాడు.

"ఇందాక కారులో కూడా గుర్తుందే," అన్నాడు. "ముసలమ్మని విన్నాక పోయింది."

"పర్లేదు బాబాయ్. నిదానంగా. ఇంకోసారి."

పాటలమ్మాయి వెళ్లి షెడ్డు తలుపు మూసింది, వీధి చప్పుడు లోపలికి రాకుండా. టైలరు గొంతు సవరించుకున్నాడు.