ఎర్ర ఇయర్‌ఫోన్

ఆ వారం రెండో నంబరు గదిలో వినికిడి పరీక్ష చేయించుకున్న పదకొండు మందికీ కుడి చెవే, అదీ సరిగ్గా ముప్పై డెసిబెల్స్ మేరకే చెడిపోయినట్టు రిపోర్టులు చెబుతున్నాయి.

టీచరమ్మ ఆ కాగితాలను బల్ల మీద పేకముక్కల్లా పరిచి మళ్లీ చూసింది. ఆరేళ్ల పాప, అరవై ఏళ్ల దర్జీ, లారీ డ్రైవరు. ఒకరికొకరు ముక్కూమొహం తెలియని మనుషులు. అందరికీ ఒకే చెవి, ఒకే చెవుడు. పరీక్షలన్నీ చేసింది తన శిష్యురాలే.

ఆ పిల్లను క్లినిక్‌లో అందరూ పిచ్చుక అంటారు. మనిషి పిడికెడు, మాటలు బస్తాడు. చివరి ఏడాది విద్యార్థిని. పేషెంట్లను పరీక్షించడం, మాట రానివాళ్లకి మాట నేర్పడం ఎలాగో ఇలాంటి పిల్లలకి పక్కన నిలబడి నేర్పించడమే టీచరమ్మ ఉద్యోగం. ఈ వారం మాత్రం ఆవిడకి మాటల శిక్షణ వైపు డ్యూటీ పడింది. రెండో గదిని పెద్దసారే చూసుకున్నాడు.

పెద్దసారు విభాగానికి అధిపతి. టీచరమ్మకి కూడా ఒకప్పుడు పాఠం చెప్పినవాడు. రిపోర్టులు పట్టుకుని ఆవిడ నేరుగా ఆయన దగ్గరికే వెళ్లింది. ఆయన ఒక్కొక్కటే చూశాడు. మొహం నల్లబడింది.

"పదకొండు మందికి ఒకే లెక్కా? ఇది పరీక్షా, జెరాక్సా? ఆ పిల్ల పేషెంట్లను కూర్చోబెట్టి కబుర్లు చెప్పి, అంకెలు సొంతంగా వేసేసింది. సాయంత్రం నాలుగింటికి కమిటీ పెడుతున్నాను. కోర్సులోంచి పంపించేద్దాం."

"సార్, ఒక్కసారి అడిగి..."

"అడిగేదేముంది? నాలుగింటికి!"

టీచరమ్మ నాలుక కరుచుకుంది. నిప్పు తనే అంటించినట్టయింది. గడియారం రెండు దాటింది.

పిచ్చుక మెట్ల దగ్గర దొరికింది. విషయం వినగానే కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నోరు మాత్రం తగ్గలేదు.

"వాళ్లు మోత వినపడగానే బటన్ నొక్కారు, నేను రాశాను మేడమ్. నా సొంత కవిత్వం ఒక్క అంకె కూడా లేదు. కావాలంటే ఆ లారీ బాబాయినే అడగండి, నాతో ఎంత గొడవపడ్డాడో!"

టీచరమ్మ అక్కడే ఫోన్ కలిపింది. అవతల హారన్ల మోతలో డ్రైవరు గొంతు చించుకున్నాడు.

"చెవుడా? మా ఆవిడ వంటింట్లో గొణిగినా వీధి గుమ్మంలో నాకు వినపడుతుందమ్మా! నాకు కాదు, మీ మిషన్‌కి చేయించండి వైద్యం!"

టీచరమ్మ చప్పున ఆగిపోయింది. ఫోన్ పెట్టేసి, పిచ్చుక చెయ్యి పట్టుకుని రెండో గదికి లాక్కెళ్లింది.

"నన్ను పరీక్షించు."

"మిమ్మల్నా?"

"నావి పాము చెవులని అందరికీ తెలుసుగా. కానీ!"

శబ్దం చొరబడని అద్దాల గదిలో కూర్చుని ఇయర్‌ఫోన్లు తగిలించుకుంది. ఎర్రది కుడి చెవికి, నీలంది ఎడమ చెవికి. అయిదు నిమిషాల తర్వాత బయటికొచ్చి కాగితం చూసింది. కుడి చెవి, ముప్పై డెసిబెల్స్. పన్నెండో చెవిటి మనిషి తనే!

పోయిన ప్రాణం లేచొచ్చింది. "పిచ్చుకా, కళ్లు తుడుచుకో. నాలుగింటికి పనుంది."

నాలుగింటికి పెద్దసారు, కమిటీ కోసం పక్క ఆసుపత్రి నుంచి వచ్చిన చెవి డాక్టరు రెండో గదిలోకి అడుగుపెట్టారు. పెద్దసారు నోరు తెరిచేలోపే టీచరమ్మ డాక్టరుని అద్దాల గదిలో కూర్చోబెట్టింది. మామూలుగా పరీక్షిస్తే కుడి చెవిలో చెవుడు. తర్వాత ఇయర్‌ఫోన్లు అటుదిటూ ఇటుదటూ మార్చింది. ఈసారి చెవుడు ఎడమ చెవికి వచ్చింది.

"చూశారా? చెవులు మారాయి. చెవుడు మాత్రం ఎర్ర ఇయర్‌ఫోన్‌ని వదల్లేదు. పిచ్చుక అబద్ధం రాయలేదు, మిషన్ చెప్పింది."

డాక్టరు నవ్వేశాడు. "బాగుంది! అరగంటలో నన్ను రెండు చెవులా చెవిటివాణ్ని చేశావమ్మా."

పిచ్చుక ఊపిరి పీల్చుకుంది. పెద్దసారు మాత్రం పట్టు వదల్లేదు.

"ఇయర్‌ఫోన్ మధ్యలో చెడిందేమో! సోమవారం ఉదయం నేను విన్నప్పుడు బ్రహ్మాండంగా ఉంది. మధ్యాహ్నానికైనా ఈ పిల్ల గమనించుకోవద్దా?"

అక్కడే టీచరమ్మకి చురుక్కుమంది. రోజూ మొదటి పేషెంటు రాకముందు ఒకరు ఇయర్‌ఫోన్లు తమ చెవులకే పెట్టుకుని మోతలు వినాలి. తమకి మామూలుగా వినపడేది ఆ రోజు వినపడకపోతే మిషన్‌కి జబ్బు చేసినట్టు. రెండో గదిలో ఆ పని పెద్దసారుదే, వేరేవాళ్లని చెయ్యనివ్వడు. ఆవిడ ఆ అంకెలు రాసే రిజిస్టరు తెరిచింది.

"సోమవారం మొదటి పేషెంటుకే తేడా వచ్చింది సార్, తొమ్మిదిన్నరకి. మీరు సంతకం పెట్టింది తొమ్మిదింటికి." పేజీలు వెనక్కి తిప్పింది. "మూడు నెలలుగా మీ అంకెలు ఒక్కటి కూడా మారలేదు. జలుబు చేస్తే ఓ అయిదు, నిద్ర లేకపోతే ఓ అయిదు, అటూ ఇటూ కాని చెవి ఉండదని నాకు నేర్పింది మీరే."

"అంటే నేను దొంగ లెక్కలు రాశానంటావా?" పెద్దసారు కళ్లెర్రజేశాడు.

"దానికేముందండీ," అన్నాడు డాక్టరు అటు తిరిగి ఇయర్‌ఫోన్లు దించుతూ, "మీరూ ఓసారి కూర్చోండి. గొడవ తేలిపోతుంది."

పెద్దసారు పలకలేదు. డాక్టరు ఇటు తిరిగి మళ్లీ అన్నాడు. అప్పుడు గానీ ఆయన కదల్లేదు. తప్పించుకునే దారి లేక లోపలికి వెళ్లాడు.

ఒకటో గది నుంచి మంచి ఇయర్‌ఫోన్ల జత తెచ్చి పెట్టారు. పిచ్చుక మిషన్ ముందు కూర్చుంది. సన్నటి మోత పంపింది. బటన్ లైటు వెలగలేదు. ఇంకాస్త పెంచింది. వెలగలేదు. ఇంకా, ఇంకా పెంచింది. అద్దం అవతల పెద్దసారు తలవంచుకుని కూర్చున్నాడు, బటన్ మీద బొటనవేలు అలాగే ఉంది.

ఎప్పటికో లైటు వెలిగింది. పిచ్చుక రాయాల్సింది రాసి, పరీక్ష పూర్తి చేసి, కాగితాన్ని బోర్లించింది.

"ఎంతొచ్చింది?" అన్నాడు డాక్టరు.

"చెప్పకూడదండీ."

"చెబితే నీ మీద మచ్చ పూర్తిగా పోతుంది కదమ్మాయ్!"

"తెలుసండీ. కానీ ఇప్పుడాయన పేషెంటు. ఆయన ఒప్పుకోకుండా ఆయన రిపోర్టు ఎవరికీ చదవను. మేడమ్ మొదటి రోజు నేర్పిందే అది."

టీచరమ్మ మనసులోనే ఆ పిల్లకి మార్కు వేసేసింది. పదిహేనేళ్ల ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద మార్కు ఆవిడ ఎవరికీ వెయ్యలేదు.

పెద్దసారు బయటికొచ్చాడు. పిచ్చుక లేచి, ఆయనకి ఎదురుగా నిలబడి, తన పెదవులు కనపడేలా నెమ్మదిగా చెప్పింది. "సార్, ఇది మీ రిపోర్టు. మీకే."

ఆయన చదివాడు. తర్వాత ఆ కాగితాన్ని అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టాడు.

"రెండు చెవులూ పోయాయి డాక్టరుగారూ. ఏడాదిగా తగ్గుతూ వస్తోంది. మొదట మా ఆవిడ కనిపెట్టింది, దాని మీద కేకలేశాను. ఇంతమందికి చెవి మిషన్లు పెట్టినవాణ్ని, నా చెవికి పెట్టుకోవడానికి నామోషీ అయింది. మూడు నెలలుగా ఉదయం ఈ గదిలో కూర్చుంటే సన్నటి మోత ఒక్కటీ అందడం లేదు. పాత పేజీ చూసి కొత్త పేజీ నింపాను. ఎర్రది చెడిన సంగతి నాకు నిజంగా తెలియదు. కానీ మధ్యాహ్నం రిపోర్టులు నా ముందు పెట్టినప్పుడు తెలిసింది. తెలిసే ఈ పిల్ల మీదికి తోశాను. అది మాత్రం చెవి చేసిన తప్పు కాదు, నేను చేసింది. ఈ పిల్ల రాసిన ప్రతి అంకె నిజం, కోర్సు పాస్ కాగితం తెండి, ఇప్పుడే సంతకం పెడతాను. ఆ పదకొండు మందికీ నేనే కబురు పెట్టి తప్పు ఒప్పుకుంటాను. వచ్చే సోమవారం నాకు చెవి మిషన్‌కి కొలతలు తియ్యాలి. ఈ పిల్లనే తియ్యమనండి. మిగతా క్లాసుని కూడా పిలవండి, చూసి నేర్చుకుంటారు."