పొద్దుగూకాక ముర్రుపాలు

పొద్దు కొండ వెనక్కి జారాక ఇస్మానాలీ ఖాళీ బకెట్‌తో తన గుడారం వైపు రావడం చూసి బురుల్చా కడుపు చల్లబడింది. మరి చల్లబడదా? ఏడాదిగా ఆమె ఈ క్షణం కోసమే కాచుకుని కూర్చుంది.

మధ్యాహ్నం వాడి ఆడగుర్రం ఈనుతూ చచ్చిపోయిందని, పిల్ల మాత్రం బతికిందని మేతభూమంతా తెలిసిపోయింది. ముర్రుపాల కోసం వాడు ఎక్కని గడప లేదు. కానీ ఈ వారంలో ఈనింది బురుల్చా గుర్రం ఒక్కటే, అదీ ఇవాళ పొద్దున్నే. రాక చస్తాడా!

పోయినేడు ఇదే బురుల్చా, ఇలాగే బకెట్ పట్టుకుని వాడి గడప ముందు నిలబడింది. పోయిన మొగుడు పెంచిన ఆడగుర్రం ఒకటి ఉండేది ఆమెకి, పందెంలో ఇస్మానాలీ గుర్రానికి దుమ్ము తినిపించింది. ఆ రోజు అది పిల్లను వేసి కన్నుమూసింది. వాడి మంద నిండా అప్పుడే ఈనిన గుర్రాలే. వాడు తలుపుకి అడ్డంగా నిలబడి నవ్వాడు.

"పొద్దుగూకింది వదినా. పొద్దుగూకాక పాలూ పెరుగూ, ఏ తెలుపూ ఇల్లు దాటకూడదని నీకు నేను చెప్పాలా? రేపు రా, బకెట్ నింపి పంపిస్తా."

మర్నాడు ఎండెక్కాక నింపాడు. పిల్ల కడుపారా తాగింది. ఆ తర్వాత పారుడు పట్టుకుని ఆమె ఒళ్లోనే ప్రాణం వదిలింది.

పశువుల డాక్టరమ్మ నాజ్గుల్ వచ్చి చూసి తల పట్టుకుంది. "పుట్టిన రోజున పిల్ల పేగు గోడ తెరిచే ఉంటుంది పెద్దమ్మా. ముర్రుపాలలో తల్లి పంపే కాపలా ఆ గోడ గుండానే రక్తంలోకి పోతుంది. గంటలు గడిచేకొద్దీ గోడ మూసుకుపోతుంది. తర్వాత ఎన్ని పాలు పోసినా కడుపు నిండుతుంది కానీ కాపలా లోపలికి పోదు. పెద్దయ్యాక ఆ గోడే క్రిమిని పసిగట్టి ఒంట్లో సైన్యాన్ని కేకేస్తుంది. అందాకా తల్లి పంపిందే దిక్కు."

"ఇది ఇస్మానాలీకి తెలుసా?"

"ఎందుకు తెలీదు? వాళ్ల గుర్రప్పిల్లలన్నిటికీ పుట్టగానే ముర్రుపాలు పట్టించమని నేనే చెప్పాను."

ఆ మాట బురుల్చా గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

ఇప్పుడు ఆ ఇస్మానాలీ గడప ముందు నిలబడ్డాడు. చుట్టుపక్కల గుడారాల వాళ్లు అప్పుడే పనులు గుర్తొచ్చినట్టు బయటికొచ్చారు.

"వదినా, కాసిని ముర్రుపాలు..."

"అయ్యో మరిదీ! పొద్దుగూకిందే! తెలుపు ఇల్లు దాటకూడదని నీకు నేను చెప్పాలా?"

ఆ మొహం చూడాలి! నెత్తురు చుక్క లేదు.

"వదినా, నీ కాళ్లు పట్టుకుంటా. రేపటికి పనికిరాదది."

"ఓహో, తెలుసన్నమాట! పోయినేడు కూడా తెలుసా?"

వాడు బకెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. బురుల్చా చుట్టూ చేరిన వాళ్ల వైపు ఒకసారి చూసింది. అందరూ వినేలా అంది:

"పాలు దాటకూడదు. పిల్ల లోపలికి రావచ్చు. ఆ సంగతి పోయినేడు ఏడుపులో నాకు తట్టలేదు, నీకు తట్టినా చెప్పలేదు. తీసుకురా. కానీ ఈ ఇంటి ముర్రుపాలు తాగిన పిల్ల ఈ ఇంటిదే. నీ మందలో చస్తుందో, నా మందలో పెరుగుతుందో నువ్వే తేల్చుకో."

"అది నా పందెపు గుర్రం బిడ్డ! ఆ రక్తంలో మిగిలింది అదొక్కటే!"

"నాదీ అంతే కదా మరిదీ."

వాడు కాసేపు పళ్లు కొరుక్కున్నాడు, వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు వాడి చేతుల్లో కాళ్లు వేలాడేసిన గోధుమరంగు పిల్ల ఉంది. గుడారాలన్నీ చూస్తుండగా దాన్ని గడప లోపల దించి, వెనక్కి చూడకుండా పోయాడు. బురుల్చా తన గుర్రం దగ్గర రెండు పిల్లలకూ సరిపడా పితికి, సీసాకి రబ్బరు తొడిగి, దాని మూతి నిమురుతూ పట్టింది. పోయిన పిల్ల మూతి కూడా ఇంత మెత్తగానే ఉండేది. అది గుర్తొచ్చి ఏడ్చింది, ఆపుకోలేక.

తెల్లారి ఎండెక్కాక ఇస్మానాలీ మళ్లీ వచ్చాడు, అదే బకెట్‌తో, తల వంచుకుని.

"రాత్రి ఏదో కోపంలో అన్నావనుకున్నా వదినా. పిల్లని ఇచ్చెయ్. పాలు కూడా కాసిని పోస్తే..."

"పొయ్యకేం? పిల్ల సంగతి మాత్రం మాటంటే మాటే." బురుల్చా బకెట్ లాక్కుని అంచుదాకా నింపి వాడి చేతికిచ్చింది. "నువ్వు నాకు పోసినట్టే పోశాను. పట్టుకెళ్లు."

లోపలి నుంచి పిల్ల సకిలించింది. తాగేవాళ్లెవరూ లేని పాలు మోసుకుంటూ ఇస్మానాలీ ఇంటిదారి పట్టాడు.