పుల్ల ముందు పరిగెత్తిన రోజు

నా కూతురు పరిగెత్తడం మొదలుపెడుతుందేమోనన్నదే నాకున్న అన్నిటికన్నా పెద్ద భయం. దానికింకా నడకే రాలేదు, తొమ్మిదో నెల. అయినా పాలసీసాలు కడుగుతూ వెనక్కి తిరిగి చూస్తే, నిద్దట్లో కాళ్ళాడిస్తూ ఉంటుంది, ఒకటి తర్వాత ఒకటి, కొలిచినట్టు. ఆ లయ నాకు తెలుసు. పదిహేను వందల మీటర్ల పరుగులో మూడేళ్ళు దేశం మొత్తానికి నేనే మొదట వచ్చాను. నా రికార్డును ఇంతవరకూ ఎవరూ దాటలేదు. ఇంటికొచ్చినవాళ్ళకు మా ఆయన ఈ సంగతి తప్పకుండా చెబుతారు. "మా ఆవిడ ఛాంపియన్ అండీ" అని, ఆ ఊపిరిలోనే నా వైపు తిరిగి, "టీ" అంటారు. అత్తగారు, "అన్నేళ్ళు గుండ్రంగా తిరిగి తిరిగి చివరికి ఎక్కడికి చేరావమ్మా, మా వంటింటికే కదా" అంటారు. నవ్వొచ్చే మాటే. నేనూ నవ్వుతాను.

పాప పుట్టినప్పటినుంచి నాకు పగలు కూడా నీళ్ళ అడుగున నడుస్తున్నట్టే ఉంటోంది. గిన్నెల చప్పుడు ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. సారు ఫోన్ చేసిన రోజూ అలాగే ఉంది. సారంటే నన్ను పద్నాలుగేళ్ళప్పుడు బడిలోంచి ఏరుకుని తీసుకెళ్ళిన కోచ్. పదో తరగతి పరీక్షలూ పోటీలూ ఒకే వారం పడితే, "పరీక్షకేముందే, ప్రతి ఏడూ వస్తుంది" అన్నారు. నాకు మళ్ళీ రాలేదు. ఆయనే ఇప్పుడు, "సెలక్షన్ పరుగుంది, పేసర్‌గా వస్తావా?" అని అడిగారు. పేసరంటే మొదటి రెండు రౌండ్లు అందరికన్నా ముందు పరిగెత్తాలి, వెనకవాళ్ళకు ఎదురుగాలి తగలకుండా కాయాలి, వేగం తప్పకుండా లాక్కెళ్ళాలి, తర్వాత పక్కకి తప్పుకుని గడ్డిలోకి దిగిపోవాలి. గెలుపు వెనక వచ్చినవాళ్ళది. మైదానంలో దానికి పేసర్ అని పేరుంది. ఇంట్లో దానికి పేరు లేదు. "గుర్తుపెట్టుకుని పిలిచారు, అదే గొప్ప" అన్నారు మా ఆయన.

నెల ముందే సాధనకు వెళ్ళాను. పాపను అత్తగారి ఒళ్ళో పెట్టి, పాలు పిండి, చీకటి విడకముందే బయలుదేరేదాన్ని. మంచు పట్టిన ఆ ఎర్రటి దారి మీద కాలు పెట్టగానే ఒళ్ళు నాది కానట్టు తేలిపోయేది. మలుపు తిరిగేటప్పుడు పద్దెనిమిదేళ్ళ నేను నా పక్కనే పరిగెత్తుతున్నట్టు అనిపించేది. పలకరిస్తే చెదిరిపోతుందేమోనని మాట్లాడేదాన్ని కాదు.

ఆ మైదానంలో ఒక అలవాటుంది. పొద్దున్నే అమ్మాయిలంతా చెప్పులు విడిచి వరసగా తూకం ఎక్కుతారు. నిన్నటికంటే తగ్గినవాళ్ళకు అందరూ చప్పట్లు కొడతారు. నా రోజుల్లో నాకు కొట్టారు. మొన్న నేనూ కొట్టాను, అలవాటు కొద్దీ, పుల్లకి. సన్నగా ఉందని సారు ముద్దుగా పెట్టిన పేరది. పంతొమ్మిదేళ్ళది, ఇప్పుడు ఆయనకున్న ఆశంతా అదే. చేతులు ఆగాక గానీ దేనికి కొట్టానో నాకు తట్టలేదు.

బట్టలు మార్చుకునే గదిలో పుల్ల బల్ల మీద కూర్చుని కాలు పట్టుకుంటోంది.

"అక్కా, ఒకటడగనా? నీకూ ఆగిపోయిందా, నెలసరి?"

"ఎన్నాళ్ళైంది నీకు?"

"పదకొండు నెలలు. సారుకి చెప్తే, మంచిదేలే, ఇంజను తేలికైంది అన్నారు."

నాకూ అదే మాట చెప్పారు, అదే ఇంజను. నాకు రెండున్నరేళ్ళు రాలేదు. ఆ తర్వాత ఒక ఫైనల్లో, ఆఖరి మలుపులో, పిడుగు పడ్డట్టు నా కాలి ఎముక విరిగింది. ఒళ్ళు ఎండితే ఎముకా ఎండుతుందని ఆస్పత్రిలో చెప్పేదాకా నాకు తెలియదు. పాప కోసం మూడేళ్ళు మందులు వాడాను. "గొడ్డు ఒళ్ళు" అని అత్తగారు పక్కింటావిడతో అనడం గోడ ఇవతల నిలబడి విన్నాను.

పుల్ల కాలు ఒళ్ళోకి తీసుకుని, పాదం పైన ఎముక మీద వేలితో నొక్కుతూ వెళ్ళాను. ఒక్క చోట, వేలి వెడల్పంత చోట, దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరవలేదు. మాలో ఎవరూ అరవరు.

"ఆపెయ్యవే."

"ఈ ఒక్క పరుగు అక్కా. ఇది కొడితే టీములో ఉంటా. తర్వాత నువ్వు చెప్పినట్టే వింటా."

దాని ఎముక విరగబోతోందని సారుకి చెప్పాను. "తల్లివయ్యావనుకున్నా, డాక్టరువి కూడా అయ్యావా?" అని పగలబడి నవ్వారు. మా ఆయనకి చెప్పాను. "మనకెందుకు? నీ రెండు రౌండ్లు పరిగెత్తి వచ్చెయ్" అన్నారు. పాప ఆయన చొక్కా మీద పాలు కక్కితే దాన్ని నావైపు చాచారు, తడిసిన పేపరు ఇచ్చినట్టు.

పరుగు రోజు మబ్బుగా ఉంది. రౌండుకి అరవై ఎనిమిది సెకన్లు నా పని. మొదటి రౌండు గడియారంలా తిప్పాను. వెనక పుల్ల ఊపిరి నా మెడకి తగులుతోంది, ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు గట్టిగా. కుంటుతోంది. రెండో రౌండులో నేనేమీ నిర్ణయించుకోలేదు, కాళ్ళే నెమ్మదించాయి. డెబ్బై మూడు. పేసర్ తప్పుకునేదాకా దాటకూడదని మాకు చిన్నప్పుడే నేర్పుతారు, అది ఎముకల్లో ఉండిపోతుంది. తప్పుకోవలసిన గీత వచ్చింది. తప్పుకోలేదు. మూడో రౌండు ఎనభై సెకన్లలో నడిచింది. పదిమంది అమ్మాయిలు నా వెనక బాతుల్లా వస్తున్నారు, గ్యాలరీలో ఎవరో నవ్వుతున్నారు, సారు తిట్లు గాలిలో తేలిపోతున్నాయి. నా జెర్సీ పాలతో తడిసిపోయింది. నేను అంత నిదానంగా, అంత హాయిగా ఎప్పుడూ పరిగెత్తలేదు. ఆఖరి రౌండు గంట మోగాక నలుగురు పక్కనుంచి దూసుకుపోయారు. పుల్ల కూడా దూకబోయింది, కాలు సహకరించలేదు. చాలా ఆలస్యమైపోయింది. టీములోకి రావడానికి కావలసిన సమయం ఆ రోజు ఎవరికీ రాలేదు.

పుల్ల నా దగ్గరికొచ్చింది. కొడుతుందనుకున్నాను.

"నీ రికార్డు పోతుందనే కదా అక్కా?"

కాదని వెంటనే చెప్పాల్సింది. ఇప్పటికీ అన్నం కలుపుతూ, పాపకి స్నానం చేయిస్తూ, కాదనే చెప్పుకుంటున్నాను. ఒక్కోసారి నమ్ముతాను. ఒక్కటి మాత్రం తెలుసు: మళ్ళీ అవకాశమిస్తే ఎనభై కూడా కాదు, తొంభై సెకన్లు తీసుకుంటాను, అది ఏ కారణానికైనా సరే.

నన్ను గేటు లోపలికి రానివ్వద్దని సారు కాపలాదారుకి చెప్పారు. పుల్ల ఫోన్ ఎత్తదు. వచ్చే నెల ఇంకో సెలక్షన్ ఉందట, ఇంకెవరో పేసరట.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఊళ్ళో మైదానం ఉంటే, పొద్దున్నే అక్కడ అమ్మాయిలు పరిగెత్తుతుంటే, ఒకసారి వెళ్ళి చూడండి. అందరికన్నా ముందుండేదాన్ని, అందరికన్నా సన్నగా ఉండేదాన్ని ఆపండి. నా పుల్ల కాకపోయినా ఫరవాలేదు. నెలసరి వస్తోందా అమ్మా, కాలు నొప్పిగా ఉందా అని అడగండి. బాగానే ఉన్నానంటుంది. వెంటనే వెళ్ళిపోకండి.